వెంట నడిచిన గడప

గడపను తొక్కొద్దని పొద్దున్నే మీ అమ్మ మిమ్మల్ని కసిరింది కదా, ఎందుకు తొక్కకూడదో మీలో ఎవరు చెబుతారు?

లక్ష్మీదేవి కూర్చుంటుందని ఒకరన్నారు. కాలివేలికి దెబ్బ తగులుతుందని ఇంకొకరన్నారు. రెండు జవాబులకూ మార్కులు వేస్తాను. కానీ సాలూరులో కూర్మమ్మ గడపను జనం తొక్కకపోవడానికి కారణం ఈ రెండూ కావు. మోపిన కాలు తీసేలోగా గడప కాలి కింద నుంచి కదిలిపోతుందని వాళ్ల భయం. కూర్మమ్మ ఎక్కడికి నడిస్తే ఆ గడప ఆమె వెనకే నడిచేది. కుదురుగా కూర్చోండి, మొదటి నుంచీ చెబుతాను.

సాలూరులో లారీలు నిలిపే మైదానం వెనక ఒక పాత గోడౌను ఉంది. ఒకప్పుడు అందులో టైర్లు పెట్టేవారు. ఇప్పుడు గోడలకు సున్నం వేసి, అడ్డంగా గదులు కట్టి, ఎనిమిది మంది ఆడవాళ్లు కాపురం ఉంటున్నారు. ఊళ్లో అందరూ దాన్ని బరకాల ఇల్లు అంటారు. బరకం అంటే లారీ మీద సరుకు తడవకుండా కప్పే మందపాటి గుడ్డ. ఆ ఎనిమిది మందీ ఒకప్పుడు ఇల్లు లేనివాళ్లే. ఒకరు రైల్వే ప్లాట్‌ఫారం మీద, ఒకరు గుడి మెట్ల మీద, ఒకరు ఆసుపత్రి వరండాలో ఏళ్లకేళ్లు పడుకున్నవాళ్లు. హైమ అనే ఆమె ఒక్కొక్కరినీ వెతికి అక్కడికి తెచ్చింది. ఆ ఇంట్లో ఒకరు పెడితే ఇంకొకరు తినడం ఉండదు. తెల్లవారగానే ఒకరు నీళ్లు పడతారు, ఇద్దరు వంటకు దిగుతారు, మిగిలినవాళ్లు వాకిలి ఊడ్చి పక్కనున్న షెడ్డు తలుపు తీస్తారు. ఎనిమిదింటికల్లా చద్దన్నం తినేసి, చిరిగిన బరకాలు ముందేసుకుని కూర్చుంటారు. జానెడు సూది, మైనం పట్టించిన దారం, అరచేతికి తోలుముక్క. చిరుగులకు మాసికలు వేస్తారు, అంచులోకి తాడు మడిచి కుడతారు, తాళ్లు దూర్చే ఇత్తడి రింగులను సుత్తితో కొట్టి బిగిస్తారు. వచ్చినదాన్ని ఎనిమిది మందీ సమానంగా పంచుకుంటారు.

కూర్మమ్మ ఆ ఇంటికి వచ్చి రెండేళ్లయింది.

ఆమె శృంగవరపుకోట పక్క పల్లెలో ఒక రైతు ఇంటికి పెద్ద కోడలు. ఆమె కాపురానికి వచ్చేనాటికి మరిది నారాయణమూర్తికి తొమ్మిదేళ్లు, తల్లి లేని పిల్లవాడు. కూర్మమ్మే తలంటి పోసింది, కూర్మమ్మే అన్నం కలిపి పెట్టింది. ఆమెకు పిల్లలు పుట్టలేదు. ఎప్పటికో భర్త పొలంలో పాము కరిచి పోయాడు. కర్మకాండలు అయిన మూడో నెలలో నారాయణమూర్తి వచ్చి, "వదినా, పది రోజులు మీ అన్నోలింటికి ఎల్లి రా. మనసు కుదుటపడతాది" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. వెళ్లిపొమ్మని ఆమెను ఎవరూ అనలేదు. మన వైపు ఆ మాట ఎవరి నోటా రాదు. చావింటి నుంచి తప్ప ఎక్కడి నుంచి కదిలినా వెళ్లొస్తామనే అంటాం. కూర్మమ్మ కూడా "ఎల్లొస్తాను నారాయణా" అనే గడప దాటింది. పది అడుగులు వేసేసరికి వెనక గరగరమని చప్పుడైంది. తిరిగి చూస్తే, ద్వారబంధం నుంచి ఊడి వచ్చిన వేగిస చెక్క గడప దుమ్ములో చార గీసుకుంటూ ఆమె వెనకే వస్తోంది. "నువ్వెందుకే, పదిరోజుల్లో వచ్చేస్తాను కదా" అని ఆమె కసిరింది. అది వినలేదు.

అన్న ఎప్పుడో పోయాడు. అన్న భార్య తలుపు సగమే తీసి మాట్లాడింది. ఆమె అరుగు మీదే పది రోజులూ గడిపి కూర్మమ్మ తిరిగి వెళితే, గడప ఊడిన చోట సిమెంటు పోసి ఉంది. ఆమె గదిలో వడ్ల బస్తాలు పేర్చి ఉన్నాయి. నారాయణమూర్తి వాకిట్లోనే ఎదురొచ్చి, గది ఖాళీ అవగానే కబురు పెడతానన్నాడు. ఆ కబురు తన చెవిన పడాలంటే ఎక్కడుండాలి? ఆమె బాగా ఆలోచించి విజయనగరం బస్‌ కాంప్లెక్సులో కూర్చుంది. శృంగవరపుకోట బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. ఊరివాళ్లు ఎవరో ఒకరు దిగుతారు. అలా పదకొండేళ్లు కూర్చుంది.

ఊడ్చేవాళ్లు గడప చుట్టూ ఊడ్చుకుపోయేవారు. ఏ పనికో పక్క ఊరు బస్సెక్కితే కండక్టరు గడపకు లగేజీ టిక్కెట్టు కొట్టేవాడు. ఆమె నేల మీద పడుకుంటే గడప ఆమెకు ముందు అడ్డంగా పడుకునేది. తాగి తూలుతూ వచ్చేవాళ్లు అక్కడిదాకా వచ్చి ఆగిపోయేవారు. ఎంత తాగినవాడికైనా పిలవకుండా గడప దాటడం చేతకాదు. అలాగని మంచివాళ్లూ దాటలేదనుకోండి. రూపాయి బిళ్లలు అవతలి నుంచే విసిరేవారు.

హైమ ఒక్కతే అవతల చెప్పులు విడిచి నిలబడి, "పిన్నీ, లోపలికి రావచ్చా?" అని అడిగింది.

కూర్మమ్మ చుట్టూ చూసుకుంది. ఒక మూట, ఒక సత్తుగిన్నె. "లోపలేటున్నాది. రా" అంది.

బరకాల ఇంట్లో ఆమెకు ఒక మంచం, ఒక రేకు పెట్టె, తాళంచెవి ఇచ్చారు. నాలుగు నెలలు ఆమె మంచమెక్కలేదు. వరండాలో, మూట తలకింద పెట్టుకుని, గడప పక్కన పడుకునేది. హైమ బలవంతపెట్టలేదు. గుడి మెట్ల మీద ఇరవయ్యేళ్లు ఉండి వచ్చిన తాతమ్మ మాత్రం ఊరుకునే మనిషి కాదు. ఆ ఇంట్లో అందరికన్నా పెద్దది, అందరికన్నా నోరున్నది. ఒక ముసురు రోజున వరండాలోకి వచ్చి, "ఒసే కూర్మీ, నీ మరిది ఈ వానలో గొడుగేసుకుని వస్తాడేటే? లోపల తొంగో" అంది.

"ఇంతలో కబురొస్తేనో అప్పా?"

"వస్తే నాను సెప్తాను. నాకు నిద్ర పట్టి పదేళ్లయింది."

ఆ రోజు కూర్మమ్మ లోపల పడుకుంది. గడప వరండా మెట్ల దగ్గరే ఉండిపోయింది. గోడౌను కదా, తోపుడు బండి లోపలికి పోవాలని తలుపు కింద నేల చదునుగా చేశారు. అందుకే ఆ ఇంటికి గడప లేదు.

ఇలా ఉండగా ఈ ఏడు చింతపండు రోజుల్లో ఒక పొరపాటు జరిగింది.

ఏజెన్సీ నుంచి చింతపండు కొని రాయపూర్‌కు లారీల మీద పంపే నగరేశ్వరరావు అనే షావుకారు ఉన్నాడు. బరకాల ఇంటికి వచ్చే పనిలో సగం ఆయనదే. ఆయన పెద్ద బరకానికి ఒక అంచు మొత్తం కూర్మమ్మ ఒక్కతే కుట్టింది. లారీ ఘాటు రోడ్డెక్కాక కాలం కాని కాలంలో వాన కొట్టింది. ఒక మూల నుంచి నీళ్లు లోపలికి దిగి బస్తాలు బస్తాలుగా చింతపండు నానిపోయింది.

నగరేశ్వరరావు బరకాన్ని మోయించుకొచ్చి షెడ్డు మధ్యలో పడేయించాడు. "సూడండమ్మా. జానెడు కంత. సిరుగు కాదు. అంచు తిప్పి కుట్టి మరీ కంత పెట్టినారు. నా మీద పగేటి మీకు?"

హైమ వంగి చూసింది. నిజమే. మూల దగ్గర జానెడు మేర కాజాలాగా అంచు కుట్టి వదిలేసి ఉంది. ఆమెకు అది ఏమిటో తెలియలేదు. షెడ్డులో కూర్చున్న మిగతా వాళ్లందరికీ చూడగానే తెలిసిపోయింది. రోడ్డు పక్కన పట్టా కప్పుకుని పడుకునేవాళ్లు తల దగ్గర ఒక కంత వదులుకుంటారు. వచ్చే కాళ్లు ఎవరివో చూడాలి కదా. బూటు కాళ్లయితే లేచి మూట సర్దుకోవాలి. కూర్మమ్మ చేతులు ఆమెను అడక్కుండా ఆ కంతను కూడా కుట్టేశాయి. ఈ మాట షావుకారుకు ఎలా చెబుతారు?

"ఇంక ఆవిడ సెయ్యి పడ్డ బరకం నా లారీ ఎక్కదు. ఆలోసించుకోండి" అని ఆయన వెళ్లిపోయాడు. అందులో ఆయన తప్పు కూడా ఏమీ లేదు. సరుకు పోయినవాడి బాధ సరుకు పోయినవాడిది.

హైమ చాలాసేపు ఆలోచించి, "పిన్నీ, కొన్నాళ్లు సూది పక్కన పెట్టు. రింగులు కొడుదువుగాని" అంది. ఎంత మెత్తగా అన్నా అది వినవలసినంత గట్టిగానే వినిపించింది. ఆ తరువాత రెండు రోజులూ భోజనాల దగ్గర అన్నం గిన్నె కూర్మమ్మ వైపు జరిపేవారు, మాట మాత్రం జరిపేవారు కాదు. ఒక ఇంట్లో తాను బరువు కావడం ఎలా ఉంటుందో ఆమెకు వేరే చెప్పనక్కర్లేదు.

మూడో రోజు పొద్దున్న సామాన్లు మోసే ఆటో ఒకటి వచ్చి వాకిట్లో ఆగింది. విజయనగరం బస్‌ కాంప్లెక్సులో ఆరా తీసి వచ్చిన నారాయణమూర్తి అందులోంచి దిగాడు. జుట్టు సగం నెరిసింది. కూర్మమ్మ సుత్తి కింద పెట్టి లేచి నిలబడింది.

"నిన్ను తీసికెళ్దామని వచ్చినాను వదినా" అన్నాడు.

షెడ్డులో సూదులన్నీ ఆగిపోయాయి. ఆ ఇంట్లో ఉన్న ఎనిమిది మందిలో ఎవరికోసమూ ఇంతవరకు ఎవరూ రాలేదు.

హైమ కుర్చీ వేసింది. మంచినీళ్లు ఇచ్చింది. తరువాత సూటిగా, "ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు గుర్తొచ్చిందండీ?" అని అడిగింది.

అతను దాచలేదు. కొడుకు త్రినాథ్‌కు సంబంధం కుదిరింది. పిల్లవైపు పెద్దలు ఇల్లు చూడడానికి వచ్చారు. గుమ్మం చూసి మెట్టు దిగిపోయారు. ఎందుకంటే ఆ గుమ్మంలో ఏదీ నిలవడం లేదు. సిమెంటు ప్రతి ఏడూ బీటలు వేసింది. నలుగురు వడ్రంగులు వచ్చి నాలుగు గడపలు బిగించారు. తెల్లారేసరికి నాలుగూ వీధిలో పడున్నాయి. "గడప నిలవని ఇంట్లో మా గుంట ఏటి నిలుస్తాది అని అడిగినారమ్మా. పాత గడప తెస్తానని ఒప్పుకుని లగ్గం పెట్టించాను. పదో రోజున పెళ్లి."

"అయితే వదిన కోసం కాదు, సెక్క కోసం వచ్చినావన్నమాట" అంది తాతమ్మ, సూది ఎత్తకుండా.

నారాయణమూర్తి తల దించుకున్నాడు. "రెండూనమ్మా. నేను ఆ సేతి అన్నం తిన్నోణ్నే."

కూర్మమ్మ ఇవేవీ అడగలేదు. "గదిలో బస్తాలు తీసేసినారా?" అంది.

"తీయించేసినాను వదినా. సున్నం కూడా ఏయించాను."

అంతే, ఆమె లోపలికి వెళ్లి మూట కట్టుకుంది. రెండేళ్లు అయినా ఆ మూట కట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. హైమ గుమ్మం దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని, "నీ మంచం పదిహేను రోజులు ఎవరికీ ఇవ్వను పిన్నీ" అంది.

"ఇచ్చేయమ్మా. బయట ఎవరో ఒకరు తడుస్తా ఉంటారు. నేనుంటే మీ పనికీ అడ్డే."

"ఎల్లు, ఎల్లి ఆళ్ల ఆవులకు కుడితి కలుపు" అంది తాతమ్మ షెడ్డులోంచి.

"నా ఇల్లప్పా అది."

"నీ ఇల్లయితే పదకొండేళ్లు బస్టాండులో ఏటి సేసినావే?"

కూర్మమ్మ మూట ఎత్తుకుని ఆటో దగ్గరికి నడిచింది. నారాయణమూర్తి ఆటో వెనక భాగంలో ఎండుగడ్డి మందంగా పరిచి, దాని మీద కొత్త గోనెపట్టా వేసి తెచ్చాడు. గడప గీరుకుపోకూడదని. కూర్మమ్మను ముందు, డ్రైవరు పక్కన, అంచు మీద సర్దుకొమ్మన్నాడు. ఆమె ఆ గడ్డిని చూసింది. ఎక్కి కూర్చుంది.

ఆమె కదిలితే గడప దానంతటదే వెంట వచ్చి ఎక్కుతుందనుకున్నారు. ఆటో కదిలి మైదానం మలుపు దాకా పోయింది. వెనక చప్పుడు లేదు. కూర్మమ్మ తల బయటికి పెట్టి చూసింది. గడప వరండా మెట్ల దగ్గర ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఆటో వెనక్కి వచ్చింది. నారాయణమూర్తీ డ్రైవరూ చెరోవైపు పట్టి ఎత్తబోయారు. లేవలేదు. మైదానంలో లోడింగు చేస్తున్న కళాసీలను పిలుచుకొచ్చారు. బస్తాలను బంతుల్లా విసిరేవాళ్లు ఆరుగురు కలిసి పట్టినా గడప వెంట్రుకవాసి కదల్లేదు. అందులో ఒకడు నడుం పట్టుకుని, "ఇది సెక్క కాదు బాబూ, పట్టుదల" అన్నాడు.

"నువ్వు పిలు వదినా. నువ్వు పిలిస్తే వస్తాది" అన్నాడు నారాయణమూర్తి.

కూర్మమ్మ ఆటోలోంచే పిలిచింది. పదమూడేళ్లుగా ఆ అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి ఎలా పిలవాలో ఆమెకు తెలియలేదు. పిల్లను పిలిచినట్టు, "రా ఎల్దాం" అంది.

అప్పుడు గడప కదిలింది. కదిలి, మెట్లెక్కి, వరండా అడ్డంగా దాటి, తెరిచిన తలుపు కిందికి పోయి పడుకుంది. చదును నేల కొంచెం కుంగి దానికి చోటిచ్చింది. కళాసీలు చేతులు దులుపుకుని తమ లారీల దగ్గరికి వెళ్లిపోయారు.

కూర్మమ్మ మరిది వైపు తిరిగింది. "అది రాదు నారాయణా. ఎండెక్కిపోతంది. పద, మనమెల్దాం."

అతను కదల్లేదు. అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు. గడప వైపు చూశాడు, డ్రైవరు వైపు చూశాడు, వెనక పరిచిన గడ్డి వైపు చూశాడు. ఎటు చూసినా వదిన ముఖం మాత్రం తప్పించే చూశాడు.

"నన్నొక్కదాన్నీ తీసికెళ్లవేటి?" అని ఆమె అడిగింది. తగవు పెట్టుకున్నట్టు కాదు, తెలియక అడిగినట్టే అడిగింది.

"అలగ్గాదు వదినా. పెళ్లోళ్లు దిగుతారు. ఇల్లంతా సుట్టాలు. ముందు ఈ పెళ్లొకటి గట్టెక్కనీ. ఆ తరవాత సూద్దాం."

ఆమె కాసేపు అలాగే కూర్చుంది. అతను అప్పటికీ దిగమనలేదు. ఎక్కువసేపు కూర్చుంటే బాగుండదని ఆమే దిగింది. నారాయణమూర్తి ఆమె మూట అందించి, కాళ్లకు దండం పెట్టి, ఆటో ఎక్కాడు. గడ్డి పరిచిన చోట ఖాళీగానే పోయింది.

వాకిట్లో ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. హైమ పిలవబోతే తాతమ్మ వద్దని చెయ్యి ఊపింది. చివరికి తాతమ్మే అంది. "నిలబడ్డావేటే, మజ్జానం వంట నీదీ నాదీ. బియ్యం ఎవరు కడుగుతారు?"

కూర్మమ్మ మెట్లెక్కి తలుపు దాకా వచ్చింది. పదమూడేళ్లుగా ఆ గడప ఆమె వెనక నడిచిందే తప్ప, దాన్ని దాటి లోపలికి పోయే అవసరం ఆమెకు ఎన్నడూ పడలేదు. కాలు ఎత్తి దాటింది. నేరుగా పోయి బియ్యం కడిగింది.

అంతా బాగైపోయిందని అనుకుంటున్నారు కదా. మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. కాలేదు. నగరేశ్వరరావు పని ఆ వేసవంతా రాలేదు. ఎనిమిది మందీ ఒకపూట తగ్గించుకుని తిన్నారు, అందులో ఇద్దరు కూర్మమ్మ వినేటట్టు సణిగారు. ఆమె రింగులు కొడుతూనే ఉంది. హైమ ఒకరోజు సూది తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఆమె కుట్టిన ప్రతి బరకాన్నీ తాతమ్మ మూల మూలా తడిమి చూసిన తరువాతే బయటికి పంపేవారు. ఆ తడమడం కూర్మమ్మ ఎదుటే జరిగేది.

ఇంకొకటి. ఆమె గడపతో మాట్లాడడం మానేసింది. శుక్రవారం శుక్రవారం మిగతావాళ్లు దానికి పసుపు రాసి బొట్లు పెడితే, ఆమె పక్కకు తిరిగి కూర్చునేది. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన దేవి అనే అమ్మాయి సంగతి తెలియక, "నీ గడపే కదా పిన్నీ, నువ్వు రాయవేటి?" అని అడిగింది.

"నన్నడక్కుండా ఇక్కడ ఉండిపోయింది. అది వచ్చుంటే నేను ఎల్లిపోదును."

"సెక్క కోసం వచ్చినోడితోనా?" అంది పక్కనే కుడుతున్న తాతమ్మ.

"అవును. ఆడితోనే."

"పెళ్లయ్యాక సూద్దామన్నాడు కదా?"

"అన్నాక కూడా ఎల్దును" అంది కూర్మమ్మ, దారానికి మైనం రాసుకుంటూ. "నాకు బుద్ధి లేదు. దానికుంది. అందుకే దాని మీద కోపం."

ఇప్పుడు ఆమె బజారుకు నడిస్తే వెనక ఏ చప్పుడూ ఉండదు. ఒక్కోసారి రోడ్డు మధ్యలో ఆగుతుందట. చెవి పెట్టి విని, మళ్లీ నడుస్తుందట.

ఏమిటి నీ ప్రశ్న? త్రినాథ్ పెళ్లా? అయింది. గడప లేని గుమ్మంలో రోకలి అడ్డంగా పెట్టి, కొత్త కోడలి చేత కుడికాలితో దాటించారు. దేనికైనా ఒక ఉపాయం ఉంటుంది. వదినను ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇక లేవండి. పెరట్లో దుప్పట్లు సగం పిండి వదిలేసి వచ్చాను. ఎండ పోయేలోగా ఆరేయాలి.